ముక్కుకు కట్టిన గుడ్డ

సొరంగం క్యాంపు,
సోమవారం

అక్కకు నమస్కారం.

నేను క్షేమం. ముసలిదానికే ఒంట్లో బాగోలేదు. ముసలిది అంటే నా లారీ. లేనిపోని అనుమానాలు పెట్టుకుని బావ దగ్గరకు పరిగెత్తకు.

కొండ కింది గోదాము నుంచి సొరంగం దాకా కప్పుకు ఆసరాగా పెట్టే ఇనుప కమానులు మోస్తున్నానని పోయినసారి రాశాను కదా. ఈమధ్య సగం ఎత్తు ఎక్కేసరికే దీనికి ఆయాసం వచ్చేస్తోంది. యాక్సిలరేటరు నేలకు ఆనేదాకా తొక్కినా లాగదు. వెనక నల్లటి పొగ మాత్రం కొండంతా కప్పేటంత వదులుతుంది. డీజిలు తాగడంలో ఏ లోటూ చేయడం లేదు.

మొన్న పెద్ద మలుపు దగ్గర ఆగిపోయింది. ఆగి ఊరుకున్నా బాగుండేది, మెల్లగా వెనక్కి జారింది. పక్క అద్దంలోకి చూశాను. అందులో రోడ్డు లేదక్కా, ఆకాశం ఉంది. బ్రేకు పట్టుకుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. దిగి చక్రాల వెనక రాళ్ళు పెడుతుంటే, ఒక రాయి జారి నా కాలి మీదే పడింది.

నాకు భయం వేసింది. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు. అన్నానంటే తెల్లారేసరికి పేరు పెట్టేస్తారు. డీజిలు ట్యాంకరు తోలే పెద్దాయనకు నత్త అని పెట్టారు. పాపం ఆయన ఆ పేరుకే పలుకుతున్నాడు. ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే కాబట్టి ఎప్పుడు అందుతుందో నీ అదృష్టం.

ఇక్కడి మెకానిక్కు సొరంగం తవ్వే పెద్ద మిషన్లు తప్ప వేరే ఏవీ కంటికి ఆనవు. నా లారీని చూసి "ఇలాంటివి ఇంకా తిరుగుతున్నాయా?" అని నవ్వి పోయాడు. ఫోను చేద్దామంటే ఈ కొండ మీద అది గడియారంలాగా తప్ప పనికిరాదు. బావను అడిగి ఏం చేయాలో రాయి. భయపడ్డానని మాత్రం బావతో అనకు.

నీ తమ్ముడు

 

మన షెడ్డు,
గురువారం

ఒరేయ్ బడుద్ధాయ్,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం ఒక్క వైపే కనిపిస్తోంది. లోయ అంచుకు జారిన బండిలో కూర్చుని "నేను క్షేమం" అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? ఆ బండి కొనేటప్పుడే చెప్పాను, దాని వయసు చూడు, నీ వయసు చూడు, ఎవరు ఎవర్ని మోయాలో ఆలోచించుకో అని. విన్నావా? నా మాట ఏనాడు విన్నావు కనుక! పెళ్ళి చేసుకోరా అంటే లారీ కొన్నావు. కొన్నవాడివి చదునైన రోడ్ల మీద తిరక్కుండా కొండలెక్కావు. కాలి మీద రాయి పడిందన్నావు, ఏ కాలు, వాచిందా, ఏమైనా రాశావా? ఒక్క ముక్క లేదు.

సరే. మీ బావ ఒక వ్యాను కింద పడుకుని ఉన్నారు. బోల్టుకూ బోల్టుకూ మధ్య ఒక్కో మాట చెబుతున్నారు, నేను పీట వేసుకుని రాస్తున్నాను. ఆయన మాటల పొదుపు నీకు తెలిసిందే. మధ్యలో ఖాళీలు నేనే పూరిస్తున్నాను.

గాలి దారిలో మసి పేరుకుందట. నీ బండిలో పొగ కొంత మళ్ళీ ఇంజను లోపలికే తిరిగి వెళ్ళే ఏర్పాటు ఉందట కదా. ఆ పొగా, నూనె తడీ కలిసి గాలి వెళ్ళే గొట్టం లోపల తారులాగా పట్టేస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ దారి ఇరుకైపోతుంది. డీజిలు పడుతోంది, దానికి సరిపడా గాలి అందడం లేదు. నల్ల పొగకూ ఆయాసానికీ అదే కారణమన్నారు.

నువ్వే శుభ్రం చేసుకోవచ్చట. ఇంజను పూర్తిగా చల్లారనివ్వు. గాలి గొట్టాలు విప్పి, ఇంజనుకు అతుక్కుని ఉండే మానిఫోల్డు కూడా విప్పు. విప్పగానే ఇంజను వైపు కనిపించే రంధ్రాలన్నిటిలో గుడ్డలు కుక్కు. ఒక్క మసి పెళ్ళ లోపల పడినా కొంప మునుగుతుంది. చెక్క పుల్లతో గీకాలి, ఇనుముతో గీకకూడదు. మానిఫోల్డును కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, సబ్బు నీళ్ళతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టు. మళ్ళీ బిగించే ముందు గుడ్డలన్నీ తీయడం మరిచిపోకు.

ఇంజను నడుస్తుండగా గాలి దారిలోకి ఏ స్ప్రే కొట్టొద్దు, ఎవరు చెప్పినా వినొద్దు. అది తాగి ఇంజను పిచ్చెక్కినట్టు పరిగెడుతుందట. తాళం తీసేసినా ఆగదట. ఈ ఒక్క ముక్క చెప్పడానికి మీ బావ వ్యాను కింది నుంచి లేచి వచ్చారు.

అన్నీ అయ్యాక ముక్కుకు గుడ్డ కట్టమన్నారు. అక్కడ రాతి దుమ్ము ఎక్కువ కదా, లోపలికి పోకుండా. గట్టిగా కట్టు. నీ ముళ్ళ సంగతి నాకు తెలుసు, నీ బూటు లేసు ఏ రోజూ స్కూలు గేటు దాకా నిలవలేదు.

భయపడ్డావని మీ బావకు చెప్పలేదు. ఉత్తరమంతా పైకి చదివి వినిపించాను, అంతే.

అక్క

 

సొరంగం క్యాంపు,
బుధవారం

అక్కకు, బావకు నమస్కారాలు.

అక్కా, నీ తిట్లు అందాయి. కాలు బాగానే ఉంది.

సెలవు రోజంతా ముసలిదాని కడుపులోనే గడిపాను. మానిఫోల్డు విప్పి చూస్తే మతి పోయింది. నా పిడికిలి పట్టాల్సిన దారిలో చూపుడు వేలు కూడా సరిగ్గా దూరలేదు. ఏళ్ళ తరబడి తోమని బాణలి అడుగులాగా పొరలు పొరలుగా మసి. పాపం ఇన్నాళ్ళూ ఆ సందులోంచి గాలి పీల్చుకుంటూ ఇనుము మోసింది. నేనేమో రోజూ దాన్ని తిట్టాను. ఇంజను రంధ్రాల్లో గుడ్డలు కుక్కాను. వంటశాల వాళ్ళను బతిమాలి కిరసనాయిలు తెచ్చాను, పనికిరాని చెక్క గరిటె ఒకటి తెచ్చి గీకాను. ఊడిన మసి బకెట్టు నిండా అయింది. అటుగా వెళుతున్న సర్వేయరు ఆగి నా మొహం చూసి "సొరంగంలోంచి వస్తున్నావా?" అన్నాడు. లోపలికి పెట్టిన గుడ్డలన్నీ తీశాకే బిగించాను. ఆ పని చేస్తున్నంతసేపూ నీ గొంతు చెవిలో మోగుతూనే ఉంది.

బావకు చెప్పు, లారీ మారిపోయింది. నిండు బరువుతో పెద్ద మలుపు ఎక్కుతుంటే గేరు తగ్గించాల్సిన పని కూడా పడలేదు. ఈసారి అద్దంలోకి చూడలేదు, ముందుకే చూశాను. పైకి చేరాక స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఏడవలేదులే. ఏడ్చినా ఎవరూ చూడలేదు.

ముక్కు సంగతి కూడా మరిచిపోలేదు. నాకు డ్రైవింగు నేర్పిన గురువుగారు రోజూ పొద్దున్నే "ముక్కు కారుతోందేమో చూడరా" అనేవాడు. ఇంజను పక్కనుంచి కిందికి వేలాడే గొట్టం, చివర చుక్క చుక్కగా నూనె కారుస్తూ ఉంటుందే, అదే. దానికి మందపాటి గుడ్డ మడతలు పెట్టి కుక్కి, మీద సైకిలు ట్యూబు ముక్క తొడిగి, తీగ చుట్టి పట్టకారుతో బిగించాను. నా ముడి ఊడుతుందని కదా నీ బెంగ? ఇది నేను పోయినా ఊడదు. ఇప్పుడు చుక్క నూనె కూడా కారడం లేదు. ముసలిదాని జలుబు కుదిరిందని బావకు చెప్పు.

నీ తమ్ముడు

 

షెడ్డు,
శనివారం

బండి ఆపు. తీగ తెంపి ఆ గుడ్డ తీసేదాకా స్టార్ట్ చేయకు.

నువ్వు మూసింది మీ బావ చెప్పిన ముక్కు కాదు. ఆయన ముక్కు అన్నది గాలి లోపలికి పీల్చుకునే గొట్టం మూతిని. క్యాబిను వెనక పైకి నిలబడి ఉంటుందే, దాన్ని. దానికి పల్చటి గుడ్డ ఒక్క పొర కట్టమన్నారట. "గట్టిగా" అన్నది ఆయన కాదు, నేను.

నువ్వు మూసింది ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం. అది ఎప్పుడూ తెరిచే ఉండాలి. మూస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పోవడానికి దారి లేక ఇంజను నూనె గాలి దారిలోకి తోసుకొస్తుంది. ఆ నూనెనే డీజిలులాగా తాగి ఇంజను పరుగందుకుంటుంది. తాళంతో ఆగదు.

ఒకవేళ పరుగందుకుంటే, అన్నిటికంటే పెద్ద గేరులో వేసి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేసి, రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడు. అది ఉక్కిరిబిక్కిరై ఆగాలి. మళ్ళీ స్టార్ట్ చేయకు. ఇంజను చల్లారేదాకా ఆ గుడ్డ ముట్టుకోకు.

ఇవాళ పైకి వచ్చే బండి నత్తగారిది తప్ప ఇంకొకటి లేదు. ఆయన చేతిలోనే పెడుతున్నాను. చదవగానే ఆపు నాన్నా.

అక్క

 

సొరంగం క్యాంపు,
సోమవారం

అక్కా,

నీ దగ్గరనుంచి ఇంకా ఉత్తరం రాలేదు. నత్తగారు ఎక్కడో టైరు పోయి ఆగిపోయారని చెప్పుకుంటున్నారు. కూరగాయల వ్యాను ఇప్పుడే కిందికి దిగుతోంది, ఇది దాంట్లో పంపుతున్నాను.

బావను ఒక సంగతి అడగాలి. రెండు మూడు సంగతులు. ఇంజను నూనె కొలిచే పుల్ల ఉంటుందే, అది దానంతటదే పైకి లేచి ఉంటోంది. నొక్కి కూర్చోబెట్టాను. మళ్ళీ లేచింది. ఇప్పుడు దాన్నీ తీగతో కట్టేశాను. ఇంజను అతుకుల దగ్గరంతా నూనె చెమ్మ. పొగ ఇదివరకులాగా నల్లగా లేదు, నీలంగా వస్తోంది. శుభ్రం చేశాక మిగిలిపోయిన కిరసనాయిలు కాలుతోందేమో అనుకున్నాను. అన్ని రోజులు కాలుతుందా?

ఇంకొకటి. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాక కూడా ఇంజను వెంటనే తగ్గడం లేదు. కాసేపు అదే అరుపు అరుస్తుంది. నా కాలి పక్కన ఇంకెవరిదో కాలు ఉండి తొక్కుతున్నట్టు ఉంటుంది. నిన్న నిజంగానే వంగి చూశాను. నవ్వకు. కొత్త బలం కదా, అలవాటు పడాలి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నకొద్దీ నమ్మకం తగ్గుతోంది.

క్యాంపు వ్యాను పాడైంది. ఎల్లుండి నుంచి షిఫ్టు దిగినవాళ్ళను నా లారీలోనే కిందికి దించమన్నారు. ఇన్నాళ్ళూ వెనక ఇనుము ఉండేది. ఇప్పుడు మనుషులు. వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఏం చెప్పి వద్దనను? ఈ బండి ఇంత బాగా ఎప్పుడూ లాగలేదని మొన్న అందరికీ చెప్పుకుని తిరిగింది నేనే.

బావను తొందరగా ఏదో ఒకటి చెప్పమను.

నీ తమ్ముడు

 

షెడ్డు,
మంగళవారం మధ్యాహ్నం

నాన్నా,

ఈ ఉత్తరం తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిసే రాస్తున్నాను. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున కూరగాయల వ్యాను వచ్చింది. నీ ఉత్తరం నేను చదువుతుంటే మీ బావ నిలబడి విన్నారు. నూనె పుల్ల దగ్గరకు వచ్చేసరికి కళ్ళు మూసుకున్నారు. "దాన్నీ తీగతో కట్టేశాను" అని చదివాక "చాలు" అన్నారు. చేతులు కూడా కడుక్కోకుండా వ్యాను ఎక్కి కూర్చున్నారు. అది బజారులో సరుకు ఎక్కించుకుని కదిలింది. శనివారమే ట్యాంకరులో వస్తానన్నారు, డీజిలు బండిలో ఇంకో మనిషిని ఎక్కించుకోకూడదని నత్తగారు చేతులెత్తి దండం పెట్టారు.

శనివారం సంగతి నీకు చెప్పనే లేదు. నీ ఉత్తరం చదువుతుంటే మీ బావ ఎంత సంతోషపడ్డారనుకున్నావు! సర్వేయరు మాటకు పైకి నవ్వారు కూడా. మీ బావ పైకి నవ్వడం నేను ఎప్పుడు విన్నానో నాకే గుర్తులేదు. "జలుబు కుదిరింది" దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. "మళ్ళీ చదువు" అన్నారు. నాకేం అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. అప్పుడు ఆయన మొహం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వ్యాను వెళ్ళగానే మీ కంపెనీ ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడినుంచి క్యాంపుతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు ఉందని విన్నాను. గుమాస్తా కుర్చీ చూపించి అడిగాడు.

"ఏం జరిగిందమ్మా?"

"ఇంకా ఏమీ జరగలేదు బాబూ. జరిగేలా ఉంది. మా తమ్ముడితో ఒక్క మాట చెప్పాలి, బండి ఆపమని."

"ప్రమాదం జరిగితేనే సెట్టు వాడాలమ్మా. అది రూలు. ఇంజనీరుగారు ఊళ్ళో లేరు, ఉంటే అడిగేవాణ్ణి."

"జరిగాక నేనేం చెప్పను బాబూ?"

అతను చెడ్డవాడు కాదు. లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను తాగాను కూడా. నాకు కోపం రాలేదు, వచ్చుంటే బాగుండేది. తిరిగి వస్తూ బజారులో అంగడి అరుగు మీద కూర్చుండిపోయాను. అటుగా లారీ పోయినప్పుడల్లా లేచి చూశాను.

ఇప్పుడు షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నాను. సుత్తి చప్పుడు లేదు. మీ బావ వదిలేసిన వ్యాను జాకీ మీద అలాగే ఉంది. మీరిద్దరూ ఇప్పుడు ఆ కొండ మీదే ఉన్నారు. నాకున్నదే మీరిద్దరు.

ముక్కు అన్న మాట రాసింది నా చెయ్యి. చిన్నప్పుడు నీ ముక్కు చీది నా ఓణీతో తుడిచిన చెయ్యి. లారీకి ఇంకో ముక్కు కూడా ఉంటుందని నాకేం తెలుసురా? మీ బావకు ఒకటే తెలుసు, నీకు ఇంకొకటే తెలుసు, మధ్యలో రాసిన నాకు ఏదీ తెలియదు. తెలియకపోయినా గట్టిగా కట్టు అని రాశాను. నీమీద నాకున్నదంతా ఆ ఒక్క మాటలో పెట్టి రాశాను. అదే నీ ప్రాణం మీదకు వచ్చింది.

నాకు భయంగా ఉంది. రేపటికి ఏ వార్త వస్తుందో, ఎవరు తెస్తారో. తలుపు దగ్గరకు ఎవరు వచ్చినా ముందు వాళ్ళ మొహం చూస్తున్నాను.

ఇక రాయలేను.

 

క్యాంపు మందుల గది,
బుధవారం

వాడు బతికే ఉన్నాడు. మొట్టమొదట ఇదే రాయమన్నాడు, దీనికి ముందు నమస్కారం కూడా పెట్టొద్దన్నాడు. చెబుతున్నది వాడు, రాస్తున్నది నేను. చేతులకు కట్లు ఉన్నాయి, అందుకని. ఇక వాడి మాటలు.

అక్కా, బావ చేతిరాత చూడగానే నీ గుండె ఆగి ఉంటుంది. ఆగిన చోటనుంచి మళ్ళీ మొదలుపెట్టించు. నేను బాగున్నాను. కాలిందల్లా చేతులు ఒక్కటే.

పొద్దున షిఫ్టు దిగినవాళ్ళు లారీ ఎక్కారు. గేటు దాటి దిగుడు మొదలైంది. మొదటి మలుపు ముందు కాలు తీశాను. ఇంజను తగ్గలేదు, పెరిగింది. ఇంకా పెరిగింది. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు. తాళం తిప్పేశాను. తాళం తీసి చేతిలో పట్టుకున్నాను. అయినా అరుస్తూనే ఉంది. వెనకంతా తెల్లటి పొగ, అద్దాల్లో ఏమీ కనపడటం లేదు. పైనున్నవాళ్ళు క్యాబిను మీద దబదబా బాదుతున్నారు. గేరు తీసేస్తే ఇంజను పేలిపోతుంది, ఉంచితే లోయలోకి తోస్తుంది. దేవుడా అనడానికి కూడా తీరిక లేదు.

ఇన్నాళ్ళూ ఇది బరువు మోయలేకే కదా ఆగిపోయేది, మోయలేనంత బరువు పెడదాం అనిపించింది. ఎలా తోచిందో నాకే తెలియదు. ఉన్నదాంట్లో పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలేసి, బ్రేకు మీద రెండు కాళ్ళతో లేచి నిలబడ్డాను. బండి మొత్తం ఊగిపోయింది. కాలిన వాసన. ముందు చక్రం కొండ వైపు కాలువలో దిగింది. ఒక్క దగ్గు దగ్గి ఇంజను ఆగింది. అందరూ దూకేశారు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఒకాయన మాత్రం టిఫిను డబ్బా కోసం మళ్ళీ ఎక్కబోతే మిగతావాళ్ళు కాలు పట్టుకుని లాగారు.

దిగి ఇంజను పక్కన చూస్తే నేను కట్టిన ట్యూబు బంతిలాగా ఉబ్బి ఉంది. ముట్టుకున్నాను. తీగ తెగి, కాగిన నూనె రెండు చేతుల మీదా చిమ్మింది. అదీ సంగతి.

అప్పుడే కూరగాయల వ్యాను వచ్చి ఆగింది. అడ్డంగా ఉన్న నా లారీని, పొగను చూసి బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. బావ పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదక్కా.

(పరిగెత్తలేదు. గబగబా నడిచాను.)

పరిగెత్తాడు. బావ నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను ఇక్కడికి తెచ్చి పడుకోబెట్టాక, నా చొక్కా జేబులోంచి మడత కాగితం కనపడుతుంటే తీశాడు. "ఇదేంటి?" అన్నాడు.

నీ ఉత్తరం అక్కా. శనివారం నాటిది. పొద్దున బండి తీస్తుంటే నత్తగారు గేటు దగ్గర ఎదురై కిటికీలోంచి అందించారు. పైన "వెంటనే చదువు" అని ఉంది. నువ్వు రాసే ప్రతి ఉత్తరం మీదా అదే ఉంటుంది. వెంటనే విప్పితే లోపల పేజీ నిండా తిట్లు. అందుకని నీ ఉత్తరాలు దాచుకుని, కిందికి దిగాక టీ తాగుతూ తాపీగా చదువుకోవడం నాకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. జేబులో పెట్టుకుని మనుషుల్ని ఎక్కించుకున్నాను.

బావ మంచం పక్కన కూర్చుని పైకి చదివాడు. "బండి ఆపు" అన్నది మొదటి మాట. బ్రేకు మీద నిలబడు అని కూడా ఉంది. అంతా ఉంది. దిగుతున్నంతసేపూ అది నా గుండె మీదే ఉంది. బండి అరుస్తున్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

(ఇక్కడ వాడు ఏడ్చాడు. రాయొద్దన్నాడు. రాశాను. కాలిన గాయాలు మానతాయని డాక్టరు చెప్పాడు. ఇంజను పోయింది.)

 

షెడ్డు,
శుక్రవారం

తమ్ముడికి,

ఉత్తరం అందింది.

ప్రతి మాటా రాసేముందు చెయ్యి ఆగిపోతోంది. "జాగ్రత్త" అని రాసి కొట్టేశాను. జాగ్రత్త అంటే అక్కడ నీకు ఏమని అర్థమవుతుందో తెలియడం లేదు. మందు పూయించుకో అని రాయాలంటే కూడా భయంగా ఉంది. ఏ మందు, ఎంత, నాకేం తెలుసు? డాక్టరు చెప్పింది చెయ్యి. నేను చెప్పింది చెయ్యకు.

నీ తప్పేమీ లేదు. బండి గురించి ఆలోచించకు.

చేతులు మానాక ఇంటికి రా. ఇల్లు అంటే షెడ్డు వెనక ఉన్న రెండు గదులు. నీలం తలుపు. నువ్వు రావాల్సింది అక్కడికి. నడవలేకపోతే నడవొద్దు. ఎక్కే బండి ఎవరిదో మీ బావ చూస్తారు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. నువ్వు బాగుంటే చాలు.

అక్క

 

క్యాంపు మందుల గది,
ఆదివారం

అక్కా,

చెయ్యి బావది, మాట నాది.

నీ ఉత్తరం కూరగాయల వ్యాను ఆయన తేగానే, నిలబడి ఉన్న చోటే బావ చేత చదివించుకున్నాను. ఇక మీదట నీ ఉత్తరం ఎప్పుడు వచ్చినా అంతే.

చదవడం ఒక్క నిమిషంలో అయిపోయింది. "వెనక వైపు చూడు బావా" అన్నాను. ఖాళీ అన్నాడు. కవరు దులపమన్నాను, దులిపాడు. మళ్ళీ మొదటినుంచి చదవమన్నాను. బడుద్ధాయ్ అని లేదు. ఏనాడు విన్నావు నా మాట అని లేదు. నీ తప్పేమీ లేదని రాశావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఆ మాట ఎప్పుడైనా అన్నావా? కాలిన చేతులతో కూర్చుని, ఇది రాసింది మా అక్కేనా అని బావను అడిగాను. అక్షరాలు ఆమెవే అన్నాడు, కానీ ఆయన మొహం కూడా బాగోలేదు.

నాకు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ అరుపు వినిపిస్తోంది. దిగుడు రోడ్డు వైపు చూడలేకపోతున్నాను. కిటికీకి వీపు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆ భయం ఎప్పటికైనా పోతుందని బావ అంటున్నాడు, పోతుందేమో. కానీ ముళ్ళు వేయడం రాని నన్ను, లారీ కొన్న నన్ను, తీగలు చుట్టి మనుషుల ప్రాణాల మీదకు తెచ్చిన నన్ను ఒక్క మాట అనకుండా నువ్వు ఉత్తరం ముగించావంటే, ఆ కొండ మీద ఏదో ఒకటి నిజంగానే పోయిందని భయం వేస్తోంది.

నువ్వు రాసిన మాటకు నాకు ఏమని అర్థమవుతుందో అని నువ్వు భయపడొద్దు. నీ తిట్లు నాకు ఏనాడూ తప్పుగా అర్థం కాలేదు. ఈసారి ముందు సంగతి రాయి, ఆ తర్వాత తిట్టు. తిట్టడం మాత్రం మానకు.

నీ తమ్ముడు